దారి లేని చేనును చూసి కుళ్ళుకున్న ఆవులప్ప

పక్క చేలో ఏనుగులు పడి రాగులు మేసి పోతే, తన చేలోకి ఎందుకు రాలేదని ఏనుగుల మీద అలిగే మనిషిని ఏమనాలి? ఈ ప్రశ్నకు జవాబు ఆ పక్క చేను పిల్లమ్మకూ దొరకలేదు, ఇది రాస్తున్నవాళ్ళకూ ఇప్పటిదాకా దొరకలేదు. ఆవులప్పకు ఉన్నది ఒకే ఒక్క గుణం: కుళ్ళు. అదీ లోపల దాచుకునే రకం కాదు. తుమ్ము వస్తే తుమ్మేసినంత సులువుగా, కుళ్ళు వస్తే గట్టు మీద నిలబడి పైకి చెప్పేసేవాడు.

"నా రాగులు ఏమంత చేదుగా ఉండాయి పిల్లమ్మా? గట్టు దాటి అడుగేస్తే నా చేనుండాది. కండ్లు కనపడలేదా వాటికి?"

"పంట పోయి నేనేడుస్తాంటే నీదేందన్నా!"

"నీకేమమ్మా. ఫారెస్టోళ్ళు వచ్చి ఫొటోలు పట్టుకొని పోయిరి. నా చేనును ఫొటో పట్టినోడు ఒక్కడన్నా ఉండాడా?"

చందాపుర దాటి ఆనేకల్ వైపు పోతే, లేఅవుట్ల మధ్య ఇంకా మిగిలిన కొద్దిపాటి చేలలో ఈ రెండూ ఉండేవి. రోడ్డు పక్కన ఆవులప్పది, దాని వెనక పిల్లమ్మది. మధ్యలో ఒక గట్టు. ఆ గట్టే ఆవులప్పకు సింహాసనం.

పిల్లమ్మ బోరు ఎండిపోయినప్పుడు ఊరు ఊరంతా వచ్చి అయ్యో అంది. సాయంత్రానికి ఆవులప్ప గట్టెక్కాడు. "నీ బోరులో నీళ్ళు లేవని ఇంతమంది వస్తిరి. నా బోరులో నీళ్ళుండాయి. ఉండాయా అప్పా అని అడిగేకి ఒక్కడు రాలేదు. నీళ్ళుండేదే తప్పయిపోయ!"

పిల్లమ్మ మొగుడు పోయిన రోజున కూడా అంతే. వాకిట్లో జనం నిండిపోయారు. ఆవులప్ప తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ఆమె దగ్గరకు వచ్చాడు. ఓదారుస్తాడేమో అనుకుంది. "ఏం జనమమ్మా!" అన్నాడు మెల్లగా. "నేను పోతే ఇందులో సగమన్నా వస్తారంటావా?" అంత దుఃఖంలోనూ ఆమెకు ఎక్కడినుంచో నవ్వు తన్నుకొచ్చింది, కొంగు నోట్లో కుక్కుకుంది. పాడె మోసేటప్పుడు ఆయనే అందరికంటే గట్టిగా ఏడ్చాడు. అది దుఃఖమో కుళ్ళో తేల్చుకోలేక తక్కినవాళ్ళు కొంచెంసేపు తమ ఏడుపు ఆపి మరీ చూశారు.

పిల్లమ్మ కూతురు రంజిత మడివాళలో పీజీ హాస్టల్లో ఉండి ఉద్యోగం చేస్తుంది. ఒక ఆదివారం మెడలో ఆఫీసు కార్డు తీయడం మరిచిపోయి వచ్చింది. ఆవులప్ప కళ్ళు ఆ కార్డు పట్టీ మీదే పడ్డాయి.

"ఏం పాపా, అది వేసుకుంటే ఏమయితాది?"

"గేటులో లోపలికి పంపిస్తారు పెదనాయనా."

"నన్ను ఎవరూ ఏ గేటులోకీ పంపించలేదమ్మా," అన్నాడు ఆవులప్ప. ఆ గొంతు విని పాపం రంజిత పైవారం పాత పట్టీ ఒకటి తెచ్చిచ్చింది. ఆయన దానికి మోటారు షెడ్డు తాళంచెవి తగిలించి మెడలో వేసుకుని, ఊళ్ళో ప్రతి గేటు ముందూ ఒక్క నిమిషం ఆగి మరీ నడిచాడు.

ఇట్లాంటి మనిషిని ఏదైనా అడగాలంటే ఎవరికి నోరొస్తుంది? పిల్లమ్మకు అడగాల్సిన అవసరం వచ్చిపడింది.

ఆమె చేలోకి బండి పోయే దారి అవతలి పొలం మీదుగా ఉండేది. తాతలనాటి నుంచి ఆ దారినే పోయారు. ఆ పొలం లేఅవుట్ వాళ్ళు కొన్నారు, కొన్న వెంటనే అడ్డంగా గోడ లేపారు. ట్రాక్టరు కాదు కదా, ఎరువు తట్ట పోయే సందు లేదు. వాళ్ళ బ్రోకరు ఓబులేష్ మోటారుసైకిలు మీద వచ్చి నవ్వుతూ చెప్పాడు: "దారి లేని చేను పెట్టుకొని ఏం చేస్తావక్కా? మాకిచ్చేయ్. సుమ్నే, ఊరికే బేజారు యాల నీకు?"

ఇవ్వనంది పిల్లమ్మ. మొగుడూ తనూ రాళ్ళేరి మెత్తగా చేసుకున్న నేల అది. తాతలు నడిచిన దారి సర్కారు పటంలో ఉండకుండా పోతుందా అని, చేను కొలిపించమని అర్జీ పెట్టుకుంది.

కొలత రోజున సర్వేయరు మోహన్‌కుమార్ మూడుకాళ్ళ మిషను తెచ్చి ఆమె చేలో నిలబెట్టాడు. పక్క రైతు హాజరు కావాలి కాబట్టి ఆవులప్ప వచ్చాడు. లాభం వాసన పట్టి ఓబులేష్ కూడా వచ్చాడు.

"సారూ, ఆ మిషను ఆమె చేలోనే అంతసేపు నిలబడిందే?" అన్నాడు ఆవులప్ప.

"కొలిచేది ఆమె చేను కదా యజమాన్రే!"

"కొలవద్దు. కొంచేపు నా చేలో కూడా నిలబెట్టు, అది చాలు."

సర్వేయరు నవ్వి నిలబెట్టాడు. ఆవులప్ప దాని పక్కన ఫొటోకు నిలబడినట్టు నిలబడ్డాడు.

హద్దురాళ్ళు దొరికాయి. కొలత సరిపోయింది. దారి మాత్రం పటంలో లేదు. మోహన్‌కుమార్ కాగితాన్ని ఇటు తిప్పి అటు తిప్పి, చివరికి తలెత్తాడు. "అమ్మా, అది వాడుక దారి. పటంలో గీత లేదు. మీ చేనుకు ఏ పక్కా దారి లేదు."

ఓబులేష్ జేబులోంచి ఫోను తీశాడు. పిల్లమ్మ హద్దురాయి మీద కూర్చుండిపోయింది. మిగిలింది ఒక్కటే: ఆవులప్ప చేను. దాని అంచు వెంబడి కాస్త నేలుంటే నేరుగా రోడ్డుకు పోవచ్చు. కానీ ఏనుగులు రాలేదని ఏడ్చిన మనిషిని నేల అడగడమా!

ఆవులప్ప ఆమెను చూశాడు. ఓబులేష్ చేతిలోని ఫోనును చూశాడు. ముఖం ఎర్రగా చేసుకుని గట్టెక్కాడు.

"విన్నావా సారూ! ఈమెకు దారే లేదంట! ఎంత అదృష్టం చూడు!"

"అదృష్టమా?"

"కాదా మరి! రోడ్డు పక్క చేనంటే ఏమనుకుంటివి? బీరు తాగినోడు సీసా పగలగొట్టేది నా చేలో. పెండ్లి బస్సు రివర్సు తిప్పేది నా చేలో. దారిన పోయే ప్రతివాడికీ అర్జెంటయ్యేది నా చేను దగ్గరే! ఈమె లోపల చల్లగా ఉండాది. నాకు కడుపు మండదా?"

"ఇప్పుడు నన్నేం చేయమంటారు?"

"నా చేను అంచెంబడి రోడ్డుదాకా ట్రాక్టరు పట్టేంత నేల కొలిచి ఆమెకు తగిలించు. సీసాలు ఆమె కూడా ఏరనీ! ఈ పీడంతా నాకొక్కనికేనా?"

ఓబులేష్ ఫోను దించాడు. "ఏమప్పా, గలాటా చేస్తాండావా? ఆ నేల కోసమే కదా నేను పోయిన ఉగాది నుంచి నీ గడప తొక్కతా ఉండా! నువ్వెంత చెప్తే అంత అంటిని. చస్తే ఇయ్యనంటివే!"

పిల్లమ్మ తల చటుక్కున పైకి లేచింది. ఈ సంగతి ఆమెకు తెలియదు.

ఆవులప్ప తడబడ్డాడు, కానీ ఒక్క క్షణమే. "నీకెట్ల ఇస్తానప్పా? నువ్వు అంతస్తు మీద అంతస్తు కడతావు. నేను దినామూ తలెత్తి చూసి కుళ్ళుకోవాల. ఈ వయసులో నాకు మెడనొప్పి యాల?"

మోహన్‌కుమార్ నవ్వు ఆపుకుంటూ, తను రాయి నాటితే చాలదని, నక్ష గీసి ఇస్తే రిజిస్ట్రారు ఆఫీసులో దానపత్రం రాయించుకోవాలని చెప్పాడు.

"దానమా!" ఆవులప్ప గట్టు మీంచి దూకినంత పని చేశాడు. "నేనా? ఈమెకా? ఊళ్ళో తలెత్తుకొని తిరగొద్దా నేను? మార్పిడి రాయండి. గట్టు పక్కన ఆమెకొక బండ ఉండాది. రాగులు పోస్తే పూటకే ఎండతాయి. అది చూసి ఎంత కుళ్ళుకుంటినో నాకు తెలుసు. అది నాకు కావల్ల."

"బండేనా అన్నా?" పిల్లమ్మ హద్దురాయి మీంచి లేచింది. "ఇంకేమన్నా అడుగు."

"బండే. అయితే నేనొక్కణ్ణే ఆరబోసుకుంటే నన్ను చూసి కుళ్ళుకునేదెవరు? నువ్వూ ఆడనే పొయ్యి."

ఓబులేష్ మోటారుసైకిలు ఎప్పుడు వెళ్ళిపోయిందో ఎవరూ గమనించలేదు.

రిజిస్ట్రేషను రోజున బస్సులో వచ్చేటప్పుడంతా పిల్లమ్మ మాటలు కూడగట్టుకుంది. మొగుడి మాట, చేను మాట, ఉగాది నుంచి ఆయన నోరు మెదపని మాట, అన్నీ కలిపి ఒక్కసారిగా చెప్పాలనుకుంది. ఆఫీసులో కంప్యూటరు ముందు ఇద్దరి ఫొటోలూ తీశారు. ఆవులప్ప తెర మీదికి వంగాడు.

"ఏం మేడం, ఆమె ఫొటో తెల్లగా పడింది. నాది కోడి దొంగ మాదిరి ఉండాది. ఇంకొకటి తియ్యి."

మళ్ళీ తీశారు. ఈసారి ఇంకా నల్లగా పడింది. వేలిముద్రలు అయ్యాయి, సంతకాలు అయ్యాయి. ఆయన ఆ ఫొటోనే చూసి గొణుక్కుంటుంటే పిల్లమ్మ గొంతు సవరించుకుంది. "అన్నా, నీకొక మాట చెప్పాల."

"చెప్పు. మొదట కాఫీ తెచ్చియ్యి," అన్నాడు.

ఆమె గేటు పక్క హోటలుకు వెళ్ళింది. ఆయన గ్లాసు అంచుదాకా నింపించి, తన గ్లాసు కావాలనే వెలితిగా పోయించుకుంది. తొణకకుండా రెండూ పట్టుకుని వచ్చేసరికి బెంచీ ఖాళీగా ఉంది.

రోడ్డు మీద చందాపుర బస్సు బయలుదేరుతోంది. లోపల ఆవులప్ప నిలబడి, కిటికీ పక్కన కూర్చున్న ఒకాయనతో చేతులు తిప్పుతూ ఏదో వాదిస్తున్నాడు. మాటలు వినపడలేదు, వినపడాల్సిన అవసరమూ లేదు. ఆ మనిషి విసుక్కుంటూ లేచాడు. ఆవులప్ప దర్జాగా కిటికీ పక్కన కూర్చుని, ముఖం అటువైపు తిప్పుకున్నాడు. బస్సు కదిలిపోయింది.