జమ్మి మొక్కకు నేను పెట్టిన బోర్డు

పేరు రాసి లేని చెట్టు కనిపిస్తే నేను ఊరుకోలేను. కోస్తాలో ముప్పై ఏళ్ళు వృక్షశాస్త్రం పాఠాలు చెప్పి, రిటైరయ్యాక తార్నాకలో ఫ్లాట్ కొనుక్కుని వచ్చాను. దగ్గర్లోనే యూనివర్సిటీ క్యాంపస్, అందులో బొటానికల్ గార్డెన్. అక్కడ ఒక్క చెట్టుకూ పేరు లేదు. నాకు ఒళ్ళు మండింది. రేకు ముక్కల మీద పెయింటుతో పేర్లు రాసి, వాకింగ్‌కి వెళ్ళినప్పుడల్లా ఒక్కొక్కటీ పాతుతూ వచ్చాను.

మూలనున్న జమ్మి దగ్గర మాత్రం తోటమాలి అడ్డుపడ్డాడు. విత్తనం వేసి, ఏడేళ్ళు నీళ్ళు పోసి, తన భుజమెత్తు పెంచుకున్న మొక్క అది.

"గీడ బోర్డు వద్దు మేడం. గట్లనే ఉండనీయుండ్రి."

"చెట్టుకు పేరు ఉండొద్దా?" అని పెద్దక్షరాలతో 'జమ్మి' అని రాసి పాతేశాను. ఆయన బోర్డు వైపు ఓసారి చూసి, మళ్ళీ నీళ్ళు పోసే పనిలో పడ్డాడు.

దసరా సాయంత్రం వెళ్ళి నిర్ఘాంతపోయాను. మొక్క లేదు. మోకాలెత్తు మోడు మిగిలింది, బెరడు చీరుకుపోయి వేలాడుతోంది. ముళ్ళకు భయపడి కాబోలు, కొమ్మలకు కొమ్మలే నరికేశారు. నా బోర్డు మాత్రం చెక్కుచెదరలేదు. ఇంత పాపం ఎవరు చేశారో, ఎందుకు చేశారో తోచక ఇంటికొచ్చాను.

ఇంకా చెప్పులైనా విప్పలేదు, ఎదురు ఫ్లాట్ అమ్మాయి కొత్త చీరలో వచ్చి, నా చేతిలో నాలుగు ఆకులు పెట్టి కాళ్ళకు దండం పెట్టింది.

"బంగారం తీసుకోండి ఆంటీ. ఎప్పుడూ జమ్మి కోసం ముషీరాబాద్ దాకా పోతుంటిమి. ఈసారి గార్డెన్లనే దొరికింది. ఎవరో పుణ్యాత్ములు బోర్డు పెట్టిండ్రు."

"బంగారమేంటమ్మా?"

"మా దిక్కు దసరాకు జమ్మి ఆకే బంగారం ఆంటీ. పెద్దోళ్ళందరి చేతుల పెట్టి దండం పెడ్తం."

మా వైపు దసరాకు జమ్మికి శ్లోకం రాసిన కాగితం కట్టి, చుట్టూ తిరిగి వచ్చేస్తాం. ఆ చెట్టు లాటిన్ పేరు తెలుసు, కుటుంబం తెలుసు, వేరు ఎంత లోతు పోతుందో తెలుసు. ఇది తెలియదు. సిగ్గుతో తల వంచుకుని ఆ ఆకులు కొంగు చివర ముడి వేసుకున్నాను. చల్లగా ఉండమని ఆ పిల్లకు చెప్పానో లేదో కూడా గుర్తు లేదు.

తెల్లారి వెళ్ళేసరికి తోటమాలి మోడు పక్కన కూర్చుని గాయాలకు పేడ పూస్తున్నాడు.

"ఇలా అవుతుందని అప్పుడే చెప్పొచ్చు కదా!" తప్పు నాదై ఉండి కూడా ఆయన మీదే విసుక్కున్నాను.

ఆయన తలెత్తాడు. "మీకు ఎర్కలేదని నాకెట్ల ఎర్క మేడం? చెట్ల టీచర్ కద మీరు."

కొంగు చివర ముడి విప్పి, ఆ నాలుగు ఆకులు ఆయన చేతిలో పెట్టి కాళ్ళ మీదికి వంగబోయాను. "అయ్యో మేడం" అంటూ వెనక్కి జరిగాడు. ఆకులు కళ్ళకద్దుకుని జేబులో వేసుకున్నాడు.

తర్వాత బోర్డు పీకి, దానికంటిన మట్టి తువ్వాలుతో తుడిచి, నా చేతికిచ్చాడు.