తీతువు గుడ్లు జరిపిన ఏడు

అది 1938. నాకు అంకెలు రావు. నా పెనిమిటి పోయిన ఏటి నుంచి లెక్కగట్టి ఇది రాస్తున్న పిల్ల చెప్పింది. గద్వాల దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలి మళ్లీ కలిసే చోట ఒక చిన్న గడ్డ ఉండేది. చుట్టూ నీళ్లు. మధ్యలో పటేలు జొన్నచేను, ఒక కళ్లం, ఒక గుడిసె. ఆ గుడిసెలో ఉండే పిట్టల కావలిదాన్ని నేను.

పిట్టల కావలి అంటే మంచె మీద నిలబడి వడిసెలతో రాళ్లు విసరడమే అనుకుంటారు. అది చలికాలం పని. జొన్న పాలు పోసుకున్నప్పటి నుంచి కోత దాకా పొద్దు పొడవకముందే మంచె ఎక్కాలి. గోరింకలు, చిలుకలు మబ్బు దిగినట్టు దిగుతాయి. తలమీద రెండు నల్లగీతలున్న పెద్ద బాతులు ఉత్తరం నుంచి వచ్చి ఇసుకలో వాలి, సందు దొరికితే చేలో పడతాయి. వాటిని తోలీ తోలీ నా గొంతు ఇలా బొంగురుపోయింది. శివరాత్రి దాటాక అవి వెళ్లిపోతాయి. కోతకు వచ్చిన కూలీలు కూడా పుట్టి ఎక్కి వెళ్లిపోతారు. పుట్టి అంటే వెదురు బుట్టకు తోలు కప్పిన గుండ్రటి పడవ. అది నడిపే ఉరుకుందు వారానికోసారి నాకు జొన్నపిండి తెచ్చేవాడు. మిగతా ఆరు రోజులు నేనూ, మేతకు తోలిన పటేలు పశువులు పద్నాలుగూ. నా నోటికి పని ఉండేది కాదు.

ఎండాకాలం కావలిలో ఇంకో పని ఉంది. తీతువు గుడ్లు ఎక్కడ పెట్టిందో చూసి పటేలుకు చెప్పాలి. ఆ పిట్ట గూడు కట్టదు. గులకరాళ్ల మధ్య నేల మీదే నాలుగు గుడ్లు పెడుతుంది. కింద ఇసుకలో పెడితే ఆ ఏడు ఏరు పొంగదని, మెట్ట మీద పెడితే నీళ్లు ఎక్కుతాయని మా వైపు లెక్క. పొంగదనుకుంటే పశువులు వానాకాలమంతా గడ్డ మీదే ఉంటాయి, వాటితో పాటు నేనూ. ఎక్కుతాయనుకుంటే అందరం ఒడ్డుకు పోవాలి. ఒడ్డున నాకున్నది మా అన్న గొడ్ల కొట్టంలో ఒక మూల.

ఆ ఏడు తీతువు కళ్లం మీద పెట్టింది. గడ్డ మొత్తం మీద అదే ఎత్తు. పశువులు ఎండకు వచ్చి పడుకునేదీ అక్కడే. గిట్ట పడితే గుడ్డు ఎంతసేపు? మొదట నేను దగ్గరికి పోతే తీతువు నా నెత్తి మీద తిరిగి అరిచేది. మూడో రోజు అరుపు తగ్గించింది. అప్పుడు గుడ్లను రెండు బారల దూరం కిందికి జరిపి, పోయి దూరంగా కూర్చున్నాను. అది వచ్చి పాత చోట వెతికింది. తల తిప్పి చూసింది. నడుచుకుంటూ కొత్త చోటికి పోయి కూర్చుంది. మర్నాడు ఇంకో రెండు బారలు. పదిహేను రోజులు అలా జరుపుతూ దాన్ని ఇసుక దాకా తెచ్చాను. నేను పెట్టిన చోటికి ఒక ప్రాణి వచ్చి కూర్చుంటోంది. ఆ సంబరంలో ఉన్నాను.

రోహిణి కార్తెలో ఉరుకుందు పుట్టి మీద పటేలు వచ్చాడు.

"ఏడ పెట్టిందే జమ్ములమ్మా?"

చెయ్యి చూపించాను. పోయి చూసి నవ్వుకుంటూ వచ్చాడు.

"ఇసుకల్నే పెట్టిందిరా ఉరుకుందూ. ఈ యేడు ఏరు ఎక్కదు. ఒడ్డుకు తోల్కపోతే గడ్డి యాడుంది? పశులను ఈడనే ఉండనీ. నువ్వు గూడ ఈడనే ఉండు జమ్ములమ్మా."

నేనేం చేశానో నాకు అప్పుడు తెలిసింది. గుడ్లు జరిపినన్నాళ్లూ నా కళ్లకు గిట్టలే కనబడ్డాయి, ఏరు కనబడలేదు. నోరు తెరవాలి. తెరవలేదు. ఇక్కడే ఉండు అన్న మాట నా చెవికి తియ్యగా ఉంది.

ఉరుకుందు మళ్లీ వచ్చేసరికి గుడ్లు పగిలి, పిల్లలు తల్లి వెంట నడిచి పోయాయి. ఇసుకలో పెంకులు మిగిలాయి.

"ఆ గుడ్లు నేనే జరిపిన ఉరుకుందూ. అది కళ్లం మీద పెట్టింది," అన్నాను.

"గుడ్లకు కాళ్లొచ్చినయా అక్కా?" అని నవ్వబోయి, నా మొహం చూసి ఆగాడు. "పటేలుకు జెప్తే నిన్ను ఉంచడు."

"తెల్సు."

"చెప్పకుంటే?"

పశువులు పాయలో దిగి నీళ్లు తాగుతున్నాయి. దూడ ఒకటి తల్లి పొట్ట కింద నిలబడింది.

"జర ఆగు. పుట్టి ఎక్కుత," అన్నాను.

పటేలు అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు.

"చెయ్యి పెట్టుమని నీకెవరు జెప్పిండ్రే?"

"పశులు తొక్కుతయని జరిపిన పటేలా."

"నిన్ను పెట్టింది సూసెతందుకు. నువ్వు జరిపితే ఇగ నేనేం సూడాలె?"

మర్నాడే పశువులను పుట్టి వెంట ఈదించి ఒడ్డుకు తెచ్చారు. పునర్వసు కార్తెలో, మా దగ్గర చినుకు లేకుండానే, ఎగువ నుంచి ఎర్రనీళ్లు దిగాయి. నా గుడిసె పోయింది. నీళ్లు కళ్లం అంచు దాకా వచ్చి నిలిచాయి.

ఆ చలికాలం పటేలు నా బదులు ఒక ముసలాయనను కావలి పెట్టాడు. బాతులు మా అన్న కొట్టం మీదుగా అరుచుకుంటూ గడ్డకు పోతుంటే నేను బయటికి వచ్చి నిలబడేదాన్ని. కాసేపటికి అవతల నుంచి ఆ ముసలాయన గొంతు వినబడేది.

మరుసటి ఏడు ఆయనకు చూపు ఆనక, పటేలు నాకే కబురు పెట్టాడు. "పెట్టిన కాడ పెట్టినట్టు ఉండనియ్యి," అన్నాడు. అంతకు మించి ఒక్క మాట లేదు. ఆ ఎండాకాలం తీతువు మళ్లీ కళ్లం మీదే పెట్టింది. తుమ్మకంప నరికి గుడ్ల చుట్టూ వేశాను. పశువులు పక్కకు పోయి పడుకున్నాయి. పూట కూడా పట్టని పని.

గుడ్లు జరిపిన ఏడు నీకు ఈ కంప తోచలేదా అని ఉరుకుందు అడిగాడు. తోచలేదన్నాను. ఇప్పుడు నిజం చెబుతున్నాను, తోచింది. కంప వేస్తే పిట్ట ఉన్న చోటే ఉండిపోతుంది. నాకు అది నా వెనక రావాలి. కావలికి కూర్చున్న మనిషికి ఆ ఆశ ఉండకూడదు.

కంప వేసి, దూరంగా పోయి కూర్చున్నాను. తీతువు వచ్చి గుడ్ల మీద కూర్చుంది. నా వైపు చూడలేదు.