చెలమ గట్టును కూల్చిన గిట్టలు

నా చిన్నప్పుడు మా ఊళ్లో మేకను నిందించడానికి సాక్ష్యం అక్కరలేదు. ఆవును నిందించడానికి ఎంత సాక్ష్యమున్నా చాలదు. బత్తలపల్లెకు పడమరనున్న మా పల్లెకు వేసవిలో నీటికి ఒక్కటే దిక్కు: వంక ఇసుకలో తవ్వుకున్న చెలమ. ఆ యేడు దాని గట్టు విరిగి మట్టి లోపలికి జారింది. ఒడ్డున పచ్చగా ఉండిన తుంగ, గరిక పేరుకైనా మిగలలేదు. కడవ ముంచితే బురదే వచ్చేది. ఊరంతా ఒక్క గొంతుతో మేకల అవ్వను దోషిగా తేల్చింది. ఊరి చివర ఒంటరిగా బ్రతికే ఆ సాయిబుల ముసలామెకు ఉన్న ఆధారం కొద్దిపాటి మేకలే. ఆ వంక తప్ప వాటికి నీళ్లు దొరికే చోటు లేదు.

పంచాయితీ గట్టు మీదనే జరిగింది. మా నాయన అందరికంటే ముందు నిలబడ్డారు.

"ఈ పొద్దు నుంచి నీ మేకలు వంకలో దిగితే కాళ్లు ఇరగ్గొడతాం. సంతకు తోలి అమ్ముకో పో!"

అవ్వ ఆయనను వదిలి నావైపు తిరిగింది. "దినామూ ఆవుల్ని తోలుకొచ్చి ఈడే కూచుంటావు గదమ్మే. యావి తొక్కుతాండాయో నువ్వు చెప్పు."

నాకు తెలుసు. మేకలు వచ్చి, నీళ్లు తాగి, కాళ్లు తడవడం ఇష్టంలేక వెంటనే గుట్టెక్కేవి. మా ఆవులు మాత్రం ఎండ దిగేదాకా కానుగ నీడన, ఆ చెమ్మనేలలోనే నిలబడేవి. వాటి వెంట తిరిగే శ్రమ తప్పుతుందని నేనూ కదిలించేదాన్ని కాదు. నాయన ముఖం చూశాను. తెలియదన్నాను.

"ఎవురి బిడ్డ మరి!" అని అవ్వ నవ్వింది. ఆ నవ్వులో ఇసుమంతైనా దయ లేదు.

తరువాత తన మందలోకెల్లా పెద్ద పోతును కొమ్ము పట్టి ఈడ్చుకొచ్చి, గట్టు మీది లోతైన గిట్ట గుంతలో దాని కాలు పెట్టింది. రోట్లో పోకచెక్క వేసినట్లు ఆ కాలు చుట్టూ బోలెడు ఖాళీ. వెనుక ఎవరో కిసుక్కుమన్నారు.

"సూడప్పా! మొలకలు తిన్నాయి, కాదనను. మేకకు నోరుండాది. గట్టును తొక్కి కూల్చింది మాత్రం నువ్వు మొక్కే ఆవులే. ఇప్పుడు ఎవురి కాళ్లు ఇరగ్గొడతావు?"

ఎవరూ క్షమాపణ అడగలేదు. జనం చెదిరిపోయారు. నాయన పళ్లు కొరుకుతూనే, ఆ సాయంత్రం తుమ్మకంప నరికి గట్టు పొడవునా అడ్డం వేశారు. పశువులన్నిటికీ రాతినేల మీదుగా ఒక్క దారి విడిచారు. ఆవులు నీళ్లు తాగగానే బయటికి తోలమని నాకు ఆజ్ఞ అయింది. మేకలు సంతకు పోలేదు. అవి కూడా ఆ దారినే దిగేవి. అవ్వ వచ్చే వేళకు నాయన ముఖం తిప్పుకొనేవారు.

రెండు వానలకే కంప వెనుక తుంగ మొలిచి మట్టిని పట్టింది. నేల అంత త్వరగా కోలుకుంటుందని నేననుకోలేదు. అవ్వ మనసు మాత్రం కోలుకోలేదు. ఉన్నన్నాళ్లూ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నేనూ ధైర్యం చేసి దగ్గరకు పోలేదు.

నేటికీ పదిమంది కలిసి ఒకరిని తప్పుపట్టే చోట నేను కన్నది కన్నట్లు చెబుతాను. అయితే, ఎప్పుడూ ఒక్క క్షణం ఆలస్యంగా చెబుతాను. ఆ ఆలస్యం ఆనాటి నుంచీ నాతోనే నడిచి వస్తున్నది.