పూడ్చిన బిలం

బడుల కోసం, లోపలి పొరలు కనిపించేలా నిలువునా కోసినట్టుండే ప్లాస్టరు కొండలు చేయడం అతని పని. బంధువుల పిల్లలకు అతను కొండల మామయ్య.

అతని గదిలో రెండు అచ్చులుండేవి. ఒకటి అగ్నిపర్వతానిది. నేల లోపలి నుంచి కరిగిన రాయి పైకి తన్నుకొచ్చి, లావా, బూడిద పొర మీద పొరగా పేరుకుని ఆ కొండ పెరుగుతుంది. అందుకే ఆ అచ్చులో నడిమధ్య ఒక గొట్టం, రెండు పక్కలా కిందికి వాలే పొరలు, నెత్తిన గిన్నెలాంటి బిలం. రెండోది ముడుత పర్వతానిది. నేలను రెండు వైపుల నుంచీ నెడితే దుప్పటిలా ముడుతలు పడి లేస్తుంది. దానికి గొట్టం ఉండదు. పొరలు ఎక్కడా తెగకుండా వంపులు తిరిగి పోతాయి.

ఒక వేసవిలో రెండో అచ్చు పగిలింది. బడులు తెరిచే రోజు దగ్గరపడింది. అతను అగ్నిపర్వతాలే పోతపోశాడు. బిలాలను, గొట్టాలను ప్లాస్టరుతో పూడ్చి, నున్నగా రుద్ది, పచ్చరంగు వేసి, 'ముడుత పర్వతం' అని చీటీ అంటించాడు. ఎవరూ తిప్పి పంపలేదు. తర్వాత సరైన అచ్చు చేసుకున్నాడు. జరిగింది మరిచిపోలేదు. తలుచుకోవడం మానేశాడు, అంతే.

పదకొండేళ్లకు మేనకోడలు టీచరు ఉద్యోగానికి నమూనా పాఠం చెప్పి, నేరుగా అతని దగ్గరికి వచ్చింది. చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూలబడింది.

"పోయింది మామయ్యా."

"అప్పుడే ఎలా తెలిసింది?"

"ఆఫీసరు నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నీకైనా తెలిసేది."

బడి బీరువాలోంచి 'ముడుత పర్వతం' అని చీటీ ఉన్న కొండను ఆమె చేతికిచ్చి, ఎలా పుట్టిందో చెప్పమన్నారట. దీనికీ మధ్యలో లావా వచ్చే దారి ఉండేది, తర్వాత పూడిపోయింది అని చెప్పిందట.

"అగ్నిపర్వతానికీ దీనికీ తేడా తెలియకుండానే పాఠం చెప్పడానికి వచ్చావా అమ్మా, అన్నాడు. పుస్తకంలో చదివిందే నోటిదాకా వచ్చింది మామయ్యా. కానీ కళ్లెదుట పొరలు మధ్యలో తెగి ఉన్నాయి. అడుగున నీ ముద్ర ఉంది. మా మామయ్య చేసిందండీ అని గొప్పగా చెప్పాను కూడా. నువ్వు తప్పు చేయవు కదా, నేనే సరిగ్గా చదవలేదేమో అనుకున్నా."

అతను చేతులకంటిన పొడిని దులుపుకున్నాడు.

"నీ కళ్లు బాగానే ఉన్నాయే. అది అగ్నిపర్వతమే. చీటీ మార్చి పంపాను."

"ఊరడించడానికి అబద్ధాలాడకు."

"అచ్చు పగిలింది. తొందరపడ్డాను."

ఆమె లేచి నిలబడింది.

"ఈ మాట రేపు ఆఫీసులో అంటావా?"

"అంటాను."

"నా మొహం చూసి కాదు. ఆయన మొహం చూసి అనాలి."

మర్నాడు ఆమెతో కలిసి వెళ్లి అన్నాడు. ఆఫీసరు ఈసారి నవ్వలేదు. ఆమెకు మరో రోజు పాఠం చెప్పే అవకాశం ఇస్తానన్నాడు. తర్వాత ఒక కాగితం అతని ముందుకు జరిపాడు.

"ఇలాంటివి ఇంకా ఏయే బడులకు పంపారో రాయండి."

అతను రాయసాగాడు. ఆ బడుల్లో పదకొండేళ్లుగా ఎంతమంది పిల్లలు కూర్చున్నారో ఊహించబోయి ఆగిపోయాడు. కాగితం నిండింది. తలెత్తకుండా చేయి చాపాడు. మేనకోడలు తన నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి ఆ చేతిలో పెట్టింది.