ఆవకాయ నూనె కోసం సికింద్రాబాద్ పోయి వచ్చాను

సికింద్రాబాద్‌లో తక్కువ ధరల పెద్ద దుకాణానికి పోవాలనుకునే బొల్లారం, అల్వాల్ వాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. నేను అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. సొగసుగా రాయడం రాదు. చూసింది చూసినట్టు రాస్తాను.

పోవడానికి కారణం ఆవకాయ. నిరుడు నేను పెట్టిన ఆవకాయ పాడైంది. వారం తిరగకముందే జాడీ మూత తీస్తే మైనం కాలినట్టు వాసన. అంతా గుంట తీసి పూడ్చాం. నలభై ఏళ్లుగా పెడుతున్నాను, ఎన్నడూ అట్లా కాలేదు. మా ఇంటాయన దాన్ని అంతటితో వదిలాడా? "దాని చెయ్యి పోయింది" అని గల్లీలో కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు. ఆ మాట మగవాళ్లకు నవ్వులాట. నాకు కాదు. అంతకుముందు మా గల్లీలో ఎవరు పచ్చడి పెట్టినా ఉప్పు కలిపే ముందు నన్ను పిలిచి రుచి చూడమనేవాళ్లు. ఆ తర్వాత ఎవరూ పిలవలేదు. పక్కింటి సుగుణ నిమ్మకాయ పెట్టింది, చింతకాయ పెట్టింది, గోడ అవతల దంచిన చప్పుడు వినిపించింది గానీ నాకు కబురు రాలేదు.

ఈ వేసవిలో ఇంటాయన "కొన్న పచ్చడి చాలు, పరేషాన్ ఎందుకు" అన్నాడు. నాకు కోపం వచ్చింది. "ఈ ఒక్కసారి పెడత. ఇది సుత చెడిపోతే మళ్ల నా చేతితోని మామిడికాయ ముట్ట" అని సుగుణ వింటుండగానే గట్టిగా అన్నాను. అన్నాక వెనక్కి పోయేది లేదు.

బుధవారం తెల్లవారుతూనే కాయలు కొని, అంగట్లోనే టెంకతో సహా ముక్కలు కొట్టించాం. ఇంటికి తెచ్చి తుడిచి, పాత పంచె మీద ఆరబోశాను. కొట్టిన ముక్క ఆ రోజే నూనె, కారం తాగాలి. తెల్లారితే మెత్తబడుతుంది. కారం, ఆవపిండి, ఉప్పు, అల్లం వెల్లుల్లి అన్నీ సిద్ధంగా ఉన్నాయి. నూనె ఒక్కటే లేదు. నువ్వుల నూనెకు మా వీధి కొట్టులో చెప్పే ధర వింటే కళ్లు తిరుగుతాయి. సికింద్రాబాద్ దుకాణంలో బుధవారం నూనెల మీద తగ్గింపు ఉంటుందని అందరూ అనుకుంటారు. నిరుడు అక్కడికి పోయి నూనె తెచ్చింది ఇంటాయనే. ఈసారి ఏ ఒక్క వస్తువూ ఇంకొకరి చేతి మీదుగా రావద్దనుకున్నాను.

"ఆడ నువ్వు అడుగుదామంటే మనిషే ఉండడు. అంతా బోర్డులే. తప్పిపోతవ్" అన్నాడు ఇంటాయన.

"తప్పిపోతే నీకు మంచిదే కద. కొన్న పచ్చడి తినుకుంట కూసో" అని చెప్పులు వేసుకున్నాను.

తొమ్మిది దాటాక బస్సు దొరికింది. ఆడవాళ్లకు టికెట్ పైసలు లేవు గానీ ఆధార్ కార్డు మరిచిపోకండి. అల్వాల్ దగ్గర జనం విరగబడి ఎక్కారు. నా పక్కన ఒకామె కూర్చుంది. పేరు చాంద్‌బీ, అల్వాల్‌లో బట్టలు కుడుతుంది. ఆమె చేతిలోనూ నాలాగే మడత పెట్టిన గోనె సంచులు ఉన్నాయి.

"నువ్వు సుత ఆ దుకాణంకేనా పెద్దమ్మా?" అని అడిగింది.

"ఎట్ల తెల్సింది?"

"బుధవారం నాడు ఇన్ని సంచులు పట్టుకొని పెండ్లికి పోతరా?"

ఆమె మాట నాకు నచ్చింది. ఆమెకు సబ్బులు, బట్టల పొడి కావాలి. చెల్లెలికి కాన్పు అయింది, పసిబిడ్డ గుడ్డలు ఉతకలేక చేతులు పోతున్నాయని చెప్పింది. నేను నా ఆవకాయ సంగతి చెప్పాను. చెయ్యి పోయిందన్న మాట కూడా చెప్పాను. "అట్లంటడా! మా ఆయనైతే నోరు సూదితోని కుట్టేద్దును" అంది. లోతుకుంట, తిరుమలగిరి, కార్ఖానా దాటేవరకు మగవాళ్ల సంగతులే మాట్లాడుకున్నాం.

స్టేషన్ దగ్గర దిగి ఇడ్లీ తిన్నాం. చట్నీ పలుచన, ఇడ్లీ మెత్తన. అక్కడి నుంచి సీతాఫల్‌మండి వైపు పోయే షేర్ ఆటో ఎక్కాం. దుకాణం రోడ్డు మీదే ఉంది, వెతకక్కర్లేదు. పదకొండు లోపల పోవడం మంచిది. ఆ తర్వాత తోపుడు బండ్లు దొరకవు. తలుపు దగ్గర మన సంచులు తీసుకొని బిళ్ల ఇస్తారు. ఆ బిళ్ల కొంగున ముడి వేసుకోండి.

లోపల చల్లగా ఉంది. మా వీధి కొట్టులో అయితే "శెట్టీ, కిలో పప్పు కట్టు" అంటే అయిపోతుంది. ఇక్కడ మనమే తియ్యాలి, మనమే చూడాలి. రెండు ధరలు రాసి ఉంటాయి. పెద్దది ప్యాకెట్ మీది ధర, చిన్నది వాళ్లు ఇచ్చే ధర. ఆ చిన్నదాన్ని చూసి ఎగిరి గంతేయకండి, బయట ఎంతో కనుక్కొని పోండి. పప్పులు నిజంగానే తక్కువ. చింతపండు ఏమీ తక్కువ లేదు, గింజ కూడా ఎక్కువే.

నూనెల వరుస చివర, అగరుబత్తులకు ఆనుకొని, సీసాలు నిలబెట్టి ఉన్నాయి. ఆకుపచ్చ మూత, మీద నువ్వుల బొమ్మ. ధర చూస్తే మిగతా నువ్వుల నూనెలో సగం కూడా లేదు. ఆడవాళ్లు మూడేసి, నాలుగేసి బండిలో వేసుకుంటున్నారు. నాకు ఆ సీసా తెలుసు. నిరుడు ఇంటాయన తెచ్చింది ఇదే. ఖాళీ అయ్యాక దాంట్లో ఫినాయిల్ పోసి బాత్రూమ్‌లో పెట్టాం, బొమ్మ ఇంకా ఊడలేదు. పోనీలే, తెలిసిన నూనే కదా అని నాలుగు సీసాలు వేసుకున్నాను. చాంద్‌బీ కూడా చవక చూసి ఒకటి తీసుకుంది.

బిల్లు కౌంటర్ దగ్గర వరుస చాలా పొడుగు. నిలబడి ఏం చేస్తాం? నాకు చదువు చెప్పిన టీచరమ్మ ఒక మాట అనేది, చేతికి ఏది దొరికినా చదవాలని. సీసా తిప్పాను. ముందు వైపు అంతా ఇంగ్లిషు. వెనక అడుగున తెలుగు, ఆవగింజంత అక్షరాలు. అద్దాలు తీసి పెట్టుకున్నాను. నేను మనసులో చదవలేను, పెదాలు కదలాలి, గొంతు రావాలి. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పైకే చదివాను. దీ-పా-రా-ధ-న-కు మా-త్ర-మే. వం-ట-కు వా-డ-రా-దు.

మళ్లీ చదివాను. అదే ఉంది.

నిరుడు ఈ సీసా మా ఇంటికి వచ్చినప్పుడు నాకు గుణింతాలు కూడా రావు. ఇంటాయనకు చదువు వచ్చు. వచ్చినా అద్దాలు పెట్టుకుంటే ముసలివాడంటారని జేబులోంచి తియ్యడు. నువ్వుల బొమ్మ చూశాడు, ధర చూశాడు, తెచ్చాడు. దీపంలో పొయ్యాల్సిన నూనె నేను ఆవకాయలో పోశాను. ఏడాదంతా నా చెయ్యి పోయిందని నేను కూడా నమ్మాను. చెయ్యికి ఏమీ కాలేదు. ఆ వరుసలో నిలబడి నాకు ఎంత సంతోషమైందంటే, గట్టిగా అరిచాను.

"చాంద్‌బీ! నా చెయ్యి మంచిగనే ఉన్నది!"

"చెయ్యికేమైంది పెద్దమ్మా, తలుపుల పడ్డదా?" అంది ఆమె.

సీసా చూపించి మళ్లీ చదివాను, ఈసారి ఇంకా గట్టిగా. మా ముందున్న ఆమె వెనక్కి తిరిగింది. ఆమె బండిలోనూ అవే సీసాలు ఉన్నాయి.

"అయ్యో, నేను పచ్చళ్లకని తీసుకున్ననమ్మా" అంది.

"దేవునికి పెట్టు, మొగునికి పెట్టకు" అన్నాను. వరుస వరుసంతా నవ్వింది. సీసాలున్న వాళ్లందరూ తిప్పి చూసుకోవడం షురూ చేశారు. పూజకు కావాలని కొన్నవాళ్లు ఉంచుకున్నారు, వంటకని కొన్నవాళ్లు వెనక్కి పెట్టారు. చాంద్‌బీ సీసా కూడా వేసుకొని నేను బండి తిప్పాను. వెనకనుంచి ఒకాయన "ఇంతసేపు నిలబడి లైన్ ఇడిసిపెడ్తున్నవా అమ్మా?" అన్నాడు. "లైన్ మళ్ల దొర్కుతది నాయనా, ముక్కలు దొర్కయి" అన్నాను.

అసలు నువ్వుల నూనె మధ్య అరలో ఉంది. ఈసారి ముందూ వెనకా చదివాను. వంట నూనె అనే ఉంది. తగ్గింపు ధర బోర్డు మీద ఇంకో మాట రాసి ఉంది. ఒక బిల్లుకు రెండు లీటర్లే. నాకు నాలుగు కావాలి. నేను ఆలోచిస్తుంటే, వరుసలోనే ఉండిపోయిన చాంద్‌బీ కౌంటర్ దగ్గర్నుంచి ముఖం వేలాడేసుకొని వచ్చింది. బట్టల పొడికి కూడా అదే షరతు, ఒక బిల్లుకు రెండు ప్యాకెట్లు.

"బిడ్డా, నీకు నూనె కావాలెనా?" అన్నాను.

"ఒద్దు."

"నాకు బట్టల పొడి ఒద్దు."

ఆమె ఒక క్షణం చూసి, పకపకా నవ్వింది. నా నూనె రెండు లీటర్లు ఆమె బండిలోకి, ఆమె పొడి రెండు ప్యాకెట్లు నా బండిలోకి పోయాయి. ఇది దొంగతనం కాదు. కౌంటర్ దగ్గర ఉన్న అమ్మాయిని ముందే అడిగాను. "మీ బిల్లు మీది, ఆమె బిల్లు ఆమెది. బయటికి పోయినంక మీరు ఏమన్న చేస్కోండి అమ్మమ్మా" అంది. జోడీగా పోయేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. బయట మెట్ల మీద కూర్చొని సరుకులు మార్చుకున్నాం, తేడా పైసలు అప్పుడే ఇచ్చుకున్నాం. ఇరానీ హోటల్‌లో చాయ్ తాగాం. ఆ చాయ్ పైసలు నేనే ఇచ్చాను, ఆమెను ఇవ్వనివ్వలేదు.

తిరుగు బస్సులో కూర్చునే చోటు దొరికింది. నూనె సంచి కాళ్ల మధ్య పెట్టుకున్నాను. ఎండ మండుతోంది, సగం దారికి ఫోన్ మోగింది. నా ఫోన్‌లో చెవి దగ్గర వినబడదు, అందరికీ వినబడేట్టు పెడితేనే వినబడుతుంది.

"దొర్కిందా? తప్పిపోయినవా?" ఇంటాయన గొంతు.

"దొర్కింది. నువ్వు జెర బాత్రూమ్‌లకు పో. ఆ ఫినాయిల్ సీసా తియ్యి."

"ఫినాయిల్ ఎందుకే?"

"తియ్యి. అద్దాలు పెట్టుకో. ఎనక అడుగున ఏం రాసున్నదో చదువు."

బస్సులో మాటలు ఆగిపోయాయి. కండక్టర్ కూడా టికెట్లు కొట్టడం ఆపి నా వైపు చూశాడు. అటువైపు నుంచి గడియ తీసిన చప్పుడు, బకెట్ తన్నిన చప్పుడు వినిపించాయి.

"చదివినవా?"

"ఆఁ… చదివిన."

"పైకి చదువు."

"దీపారాధనకు మాత్రమే" అన్నాడు. మిగతాది మింగేశాడు.

"ఇంకో లైను ఉంటది తాతా!" అని వెనక సీటులోంచి ఎవరో ఆడపిల్ల అరిచింది. బస్సంతా నవ్వులు. చాంద్‌బీ అయితే కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఎవరే ఆళ్లంతా?" అన్నాడు.

"నా దోస్తులు. ఇగ విను. నా చెయ్యి పోయిందని గల్లీ గల్లీ తిరిగి ఎవరెవరికి చెప్పినవో, ఇప్పుడు ఆళ్లందరికీ ఆ సీసా పట్టుకపోయి చూపియ్యి. సుగుణ నుంచి షురూ చెయ్యి."

ఆయన ఫోన్ పెట్టేశాడు. అల్వాల్ దగ్గర చాంద్‌బీ దిగింది. దిగుతూ, "పచ్చడి ఊరినంక ఒక గిన్నె నాకు, మరువకు పెద్దమ్మా" అంది. ఊరాక మొదటి గిన్నె ఆమెకే అని మాటిచ్చాను.

ఈ ప్రయాణంలో నాకు తెలిసింది చెప్తాను. ఆ దుకాణంలో అన్నీ చవక కాదు, అన్నీ మోసమూ కాదు. అక్కడ మనకు చెప్పే మనిషి ఉండడు, రాత ఉంటుంది. రాత రానివాళ్లు వచ్చినవాళ్లను తోడు తీసుకుపోండి. వచ్చినవాళ్లు అద్దాలు తీసుకుపోండి. పెదాలు కదిలించి పైకి చదవడానికి సిగ్గుపడకండి. నేను పడలేదు. ఆ నాలుగు ముక్కలు కూడబలుక్కోవడం కోసమే నేను ఈ వయసులో పలక పట్టాననుకున్నా నాకు నష్టం లేదు.

బొల్లారం వస్తుండగా ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి వెనక ఆడవాళ్ల గొంతులు వినిపిస్తున్నాయి, మా ఇంట్లోనే, చాలామంది.

"ఏమే, సుగుణ వాళ్లు అందరొచ్చి కూసున్నరు. ఆళ్ల ముక్కలు సుత ఈడికే తెచ్చిన్రు. నువ్వొచ్చేటాల్లకు జెర ఉప్పు కలిపి పెట్టమంటవా?" అన్నాడు ఇంటాయన. ఆ గొంతు ఎంత మెత్తగా ఉందో చెప్పలేను.

"ఎవ్వరూ ఏదీ ముట్టకుర్రి" అన్నాను. "నేను ఒస్తున్న."