పెళ్లి కారుకు ప్లగ్గులు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే. కానీ అరవైల మొదట్లో మా చెల్లెలి పెళ్లికి ముందు నన్ను నిద్రపోనివ్వనిది కోపం కాదు, భయం. స్పార్కు ప్లగ్గుల గురించి భయం. నవ్వకండి, చెబుతాను.

హిందూపురంలో మాకు బెల్లం మండీ ఉండేది. ఊళ్లో కార్లే తక్కువ, ఉన్నవాటిలో నాది మరీ విడ్డూరం. బెంగుళూరులో ఒక దొర ఊరు విడిచిపోతూ అమ్మేసిన పాత స్పోర్ట్స్ కారు. టాపు లేదు. ముందు రెండు సీట్లు, వెనక ఇరుకు బెంచీ. పందేలకు పుట్టిన బండి. దాన్ని మొదటిసారి చూసి మా నాయన, "దీంట్లో కూర్చోవల్లంటే ముందు పండుకోవల్ల గదరా" అన్నాడు.

ధర్మవరం పెళ్లివారు మాత్రం దాన్ని చూసి మురిసిపోయారు. పెళ్లి మా ఊళ్లో. మరునాడు పొద్దున పెళ్లికూతురూ పెళ్లికొడుకూ పెనుకొండ మీదుగా ధర్మవరం పోవాలి. ఊరి మొదట్లో మేళం ఎదురొస్తుంది, అక్కణ్ణించి ఇంటిదాకా మెరవణి. "మావోడు ఆ టాపు లేని కారులోనే ఊరేగల్ల" అని పెళ్లికొడుకు తల్లి పట్టుబట్టింది. "దానికేం భాగ్యం" అని మా నాయన మీసం దువ్వుకున్నాడు. నన్ను అడిగిందెవరు?

అంతకు ముందేడాది బత్తలపల్లి వైపు నుంచి ఒక సంబంధం దాదాపు ఖాయమైంది. తాంబూలాలకు వస్తున్నవాళ్ల వ్యాను పెనుకొండ కింద ఇరుసు విరిగి నిలబడిపోయింది. వాళ్లు అటునుంచి అటే వెనక్కి తిరిగారు. "పిల్ల అదృష్టం దావలోనే తెలిసిపాయ" అని కబురు పంపారు. విరిగింది ఇరుసు, మాట పడింది మా చెల్లెలు. ఆ తర్వాత చాలా రోజులు మా గడప తొక్కినవాడు లేడు. ఇప్పుడు అత్తగారి వీధిలో, బంధువులందరి కళ్లముందు, నా కారు ఆగిపోతే? ఏమంటారో ఊహించుకోవలసిన పని కూడా లేదు. ఒకసారి విని ఉన్నాం.

ఆ కారుకు మెల్లగా నడవడం చేతకాదు. దొర వాడినవి పందెం ప్లగ్గులు, చల్లని రకం. బండి ఉరుకుతుంటే అవి మంట వేడిని తొందరగా వదిలేసుకుంటాయి, కాలిపోవు. మేళం వెనక నడక వేగంతో పోతే మాత్రం మొన వేడెక్కక మసి పడుతుంది, నిప్పురవ్వ పుట్టదు. వేడి రకం వేస్తే ఆ మసి దానికదే కాలిపోతుంది, మెరవణికి హాయి. కానీ ఎండలో ధర్మవరం దాకా బండిని ఉరికిస్తే ఆ మొనే కణకణలాడి పిస్టనుకు చిల్లు పెట్టగలదు. మధ్యలో ఆపి మారుద్దామా అంటే, పెళ్లికొడుకును పక్కన పెట్టుకుని బానెట్టు ఎత్తడమా! అపశకునాన్ని నేనే చేతులారా పిలిచినట్టు. ఒకే రకంతో రెండు పనులూ జరగాలి.

రెండు రకాలూ బెంగుళూరు నుంచి తెచ్చాను. పరీక్షించడానికి మా వేరుశనగ చేని బాటకు కారు తీసుకుపోయాను. చెల్లెలు తనూ వస్తానని ఎక్కి కూర్చుంది.

"నేను ముందర నడుస్తా, మేళమనుకో. నా వెనకాలే రా" అని దిగి, పిడికిళ్లు నోటి దగ్గర పెట్టుకుని "పీ పీ" అని నాదస్వరం మొదలుపెట్టింది. ఎదురుగా బండి తోలుకొస్తున్న రైతు, "ఏమబ్బా, కారుకు దావ తెలీదా?" అని పళ్లికిలించాడు. ముందు చల్లని ప్లగ్గులు వేశాను. బావి దాకా బాగానే వచ్చింది. అక్కడ దగ్గింది, ఇంకోసారి దగ్గింది, ఆగిపోయింది.

చెల్లెలు వెనక్కి తిరిగింది. నాదస్వరం చేతులు కిందికి దిగిపోయాయి. "ఆడ గూడ ఇట్లనే నిలిచిపోతే, అన్నా?"

"నిలవదు! నోర్మూసుకో!" అని అరిచాను. అరిస్తే నా భయం తగ్గుతుందేమోనని. తగ్గలేదు.

వేడి ప్లగ్గులతో అదే బాటలో ఆమె నడిచినంతసేపూ కారు నడిచింది. మర్నాడు అవే ప్లగ్గులతో పెనుకొండ దాకా ఉరికించి చూస్తే ఇంజను టకటకా కొట్టుకుంది. విప్పితే మొనలు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. కాలిపోవడానికి సిద్ధంగా ఉన్నాయన్నమాట. మెల్లగా పోయి చూశాను. ఈసారి మొనలు బిస్కెట్టు రంగు, అంటే ఆరోగ్యం. అంతే, వేడి రకమే, దారంతా మెల్లగా పోవాలని తేల్చుకున్నాను. తేల్చుకున్నా మనసు కుదుటపడితేనా!

ప్రయాణం నాడు పెళ్లికొడుకు నా పక్కన, చెల్లెలు వెనక బెంచీ మీద. సోమందేపల్లి దాటకముందే అతను మొదలుపెట్టాడు. "ఉరికించు బావా, ఇంత మంచి కారు!" నేను వినపడనట్టు నటించాను. పెనుకొండ దాటాక ఒక బస్సు మమ్మల్ని దాటిపోయింది. కిటికీల్లోంచి జనం చేతులూపారు. "బస్సు గూడ దాటిపాయ గదా బావా! ఇది స్పోర్ట్సు కారా, ఎద్దుల బండా?" కొత్త అల్లుడు, మాటంటే ఇంటికి చేరుస్తాడు. గత్యంతరం లేక కాలు నొక్కాను. కాస్తంత దూరంలోనే ఇంజనులో ఆ టకటక మొదలైంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

వెనక నుంచి చెల్లెలు గొంతు. "అన్నా, గాలికి నాకు తల తిరుగుతాండాది. మెల్లగ పోనీ."

"అయ్యో, మెల్లగ పోనీ బావా, మెల్లగ!" అన్నాడతను.

దానికి తల తిరగడమేమిటి! ఈ కారులో ఎప్పుడు కూర్చున్నా ఇంకా జోరుగా పొమ్మని నా ప్రాణం తీసేది. అద్దంలో చూస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లు బానెట్టు మీదే పెట్టి ఉంది. దానికీ ఆ చప్పుడు వినపడింది.

మెరవణిలో ఊరు నేను చూడలేదు. డోలు వాయించేవాడి మడమలు మాత్రం చూశాను. ప్రతి గుమ్మం దగ్గరా హారతి, ప్రతి హారతికీ ఆగడం. ఆగిన ప్రతిసారీ ఇంజను వేడి చూపే ముల్లు ఇంకాస్త పైకి లేచేది. దేవుళ్లను నమ్మనని పోట్లాడేవాణ్ణి, ఆ వీధిలో కనపడిన ప్రతి గుడికీ మనసులోనే దండం పెట్టాను. చివరికి పందిరి కనిపించింది. ఇద్దరూ దిగారు, ఎర్రనీళ్లు తిప్పారు, చెల్లెలు కుడికాలు పెట్టి గడప దాటింది. ఇంజను ఆపి స్టీరింగు మీద తల వాల్చేశాను. ప్రాణం లేచొచ్చింది.

గుమ్మానికి అడ్డంగా ఉంది, కాస్త పక్కకు తియ్యమన్నారు. స్టార్టరు మీట నొక్కాను. పలకలేదు. మళ్లీ నొక్కాను. ఇంజను ఉడికిపోయింది, చల్లారేదాకా ఇక లేవదు. చుట్టూ జనం మూగారు.

అత్తగారు గడపలో నిలబడి బుగ్గన వేలు పెట్టుకుంది. "సూడండమ్మా! మా కోడలు అడుగు పెట్టినాక కారు గూడ కదలనంటాండాది. లచ్చిమి ఈడనే నిలిచిపాయ!"

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా, బంధువులతో ముందే వచ్చేసిన మా నాయన నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అదే కారు, అదే ఆగడం. అయినా నేనూ పళ్లు బయటపెట్టాను, పెట్టక చస్తానా.

కాసేపటికి చెల్లెలు చెంబుతో నీళ్లు తెచ్చింది. చెంబు ఇస్తూ, నాకొక్కడికే వినపడేలా అంది.

"అన్నా, ఇదే నాలుగిండ్ల అవతల నిలిచుంటే?"

ఈసారి నోర్మూసుకోమని అరవలేకపోయాను. చెంబు అందుకున్నాను. సగం తాగి తిరిగిచ్చాను, మిగిలిన సగం అదే తాగేసింది.