జనవరి ఆరు దాకా

2024 నవంబర్ 6, బుధవారం. అమెరికాలో ఓట్లు మంగళవారం వేస్తారు గానీ, మలేసియాలో క్లాంగ్‌లోని మా ఇంట్లో ఆ లెక్కింపు చూడటం ఎప్పుడూ బుధవారమే. సాయంత్రం ఆరున్నర దాటాక, ఒకరికి గెలుపుకి కావలసిన 270 వచ్చేశాయని టీవీలో చెప్పారు. మంచం మీద పడుకున్న మా ఆయన చెయ్యి అడ్డంగా ఊపారు.

"ఆల్లు సెప్తే అయిపోద్దేటి? ఇంకా ఎవులూ గెలవనేదు."

ఆయన పోర్ట్ క్లాంగ్‌లో సరుకు లెక్క రాసే గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యారు. ఓడవాళ్ళ లెక్క, రేవువాళ్ళ లెక్క సరిపోయి ఇద్దరూ సంతకాలు చేసేదాకా సరుకు దిగినట్టు కాదనేవారు. అమెరికా ఎన్నిక ఆయనకు నచ్చింది అందుకే. అక్కడ జనం ఓటు నేరుగా అధ్యక్షుడికి పోదు. రాష్ట్రాలన్నిటికీ, రాజధానికీ కలిపి 538 మంది ప్రతినిధులు. రెండు రాష్ట్రాలు తప్ప మిగతా అన్నిచోట్లా, ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాడికే ఆ రాష్ట్రం మొత్తం దక్కుతుంది. ఆ ప్రతినిధులు డిసెంబరులో ఎక్కడివాళ్ళక్కడ సమావేశమై ఓటు వేస్తారు. ఆ ఓట్లను జనవరి 6న వాషింగ్టన్‌లో విప్పి చదువుతారు. ఇరవయ్యో తేదీన ప్రమాణం.

"ఇంత సాగదీతేటండీ? మనకి 222 సీట్లు, 112 వొస్తే సరి. ఒక్క పూటలో తేలిపోద్ది" అని ఈ ఏడు మొదట్లో కూడా నేను విసుక్కున్నాను.

"రెండేల్ల కితం తేలినాదేటి? ఐదు రోజులు పెదానమంత్రే నేకపోనాడు!" అని నవ్వారు.

ఈసారి నేను విసుక్కోలేదు. అక్టోబరులోనే డాక్టరు, క్యాన్సర్ కాలేయమంతా పాకింది, ఈ ఏడు ఆఖరు దాకా ఉంటే ఎక్కువ అని చెప్పారు. ఆయన విని, "ఎలచ్చన్ లెక్క తేలీదాకా ఉంటాన్లే" అన్నారు. నేను ఆ మాట గట్టిగా పట్టుకున్నాను. ఆ లెక్క ఎంత ఆలస్యంగా తేలితే నాకు అంత మంచిదనిపించింది.

డిసెంబర్ 17న అక్కడ ప్రతినిధులు ఓటు వేశారు. మర్నాడు ఉదయం గంజి తాగిస్తూ చెప్పాను.

"ఓట్లేసీసినారు. ఒక్కటీ తేడా రానేదు."

"అయితే అయిపోనాది."

"అయిపోనేదు! జనవరి ఆరున సదవాల కదా."

"సాల్లేయే. ఇంక మారీదేటుంది?"

ఆయన నోట అలాంటి మాట ఎప్పుడూ వినలేదు. నాకు కోపం వచ్చింది.

"సంతకం అవకుండా ఓడని పంపీసినారేటి ఎప్పుడైనా?"

"అమ్మా, ఒగ్గీ లా. నాన్న అలిసిపోనాడు" అంది మా అమ్మాయి గుమ్మం దగ్గరనుంచి, ఇక్కడివాళ్ళ అలవాటు కొద్దీ మాట చివర 'లా' తగిలించి.

"మీ యమ్మ నాకు పై ఆఫీసరు లా" అని ఆయన నవ్వబోతే దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక నా మణికట్టు పట్టుకున్నారు.

"నొప్పెడతందే. ఆరో తేదీ దాకా ఉండమనకు."

గంజి గిన్నె కింద పెట్టాను. మూతి తుడిచాను. "ఉండమనను" అన్నాను.

క్రిస్మస్ మర్నాడు మధ్యాహ్నం పోయారు.

జనవరి 7 ఉదయం అమ్మాయి టీవీ పెట్టింది. రాత్రి అక్కడ అయిపోయిన లెక్కింపునే మళ్ళీ చూపిస్తూ, రాష్ట్రాల పేర్లు అక్షరక్రమంలో చదువుతున్నారు. మూడో పేరు దగ్గర కట్టేయమన్నాను.

"నాన్న ఉంటే ఆకరి దాకా సూసీవోడు కదమ్మా."

ఆయన చాలన్నదీ, నేను ఉండమనను అన్నదీ అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి విన్నదే. అలా అన్నాక కూడా, మిగిలిన రోజుల్లో పొద్దున్నే ఆయన పక్కన కూర్చుని నుదురు తుడుస్తూ, ఉండండి, ఉండండి అని లోపల అంటూనే ఉన్నాను. అది మాత్రం అమ్మాయికి తెలీదు.